తడబడే కాంతికి తాళం నేర్పుతూ

ఆవగింజంత లేజర్ చిప్ సెకనుకు వందల కోట్ల కాంతి పల్సులను వదలగలదు. వాటిని వేళ తప్పకుండా వదిలించడమే కష్టం. రాడార్ల నుంచి రహస్య సమాచార వ్యవస్థల దాకా చాలా వాటి భవిష్యత్తు ఆ సమయపాలనతో ముడిపడి ఉంది

సూపర్‌మార్కెట్లో బిల్లు వేసే స్కానర్‌లో అది ఉంటుంది. ఆఫీసు ప్రింటర్‌లో ఉంటుంది. ఇంటికి ఇంటర్నెట్‌ను మోసుకొచ్చే ఫైబర్ కేబుల్ కొసన ఉంటుంది. సెమీకండక్టర్ లేజర్ అంత చవకగా, అంత విరివిగా దొరికే లేజర్ మరొకటి లేదు. వెలగమంటే వెలుగుతుంది, ఆరమంటే ఆరుతుంది. సరిగ్గా ఒకే వ్యవధిలో వెలుగుతూ ఆరుతూ ఉండమంటే మాత్రం తడబడుతుంది.

ఆ తడబాటు ఎంతటిదో ఒక ఉదాహరణ చూద్దాం. సెకనుకు 500 కోట్ల పల్సులు వదిలే లేజర్ ఒకటుంది. అంటే 200 పికోసెకన్లకు ఒక పల్స్. పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు. అందులో వెయ్యో వంతు ఫెమ్టోసెకను. ఒక్కో పల్స్ తన వేళకు 100 ఫెమ్టోసెకన్లు అటూ ఇటూగా బయటికొస్తోందనుకుంటే, అది 200 నిమిషాలకోసారి బయల్దేరే రైలు ఆరు సెకన్లు ఆలస్యమైనట్టు. మన రైళ్లతో పోలిస్తే అద్భుతమైన సమయపాలనే.

చిక్కల్లా ఏమిటంటే, ఈ రైళ్లకు టైంటేబుల్ లేదు. ముందు రైలు ఎప్పుడు వెళ్లిందో చూసుకుని తర్వాతిది బయల్దేరుతుంది. కాబట్టి ఒకదాని పొరపాటు తర్వాతి దానికి సంక్రమిస్తుంది, దానికి మరో కొత్త పొరపాటు తోడవుతుంది. తాగినవాడి నడకలా తప్పటడుగులు ఒక్కోసారి ఒకదాన్నొకటి రద్దు చేసుకున్నా, మొత్తంమీద దారి తప్పడం పెరుగుతూనే ఉంటుంది. మైక్రోసెకను గడిచేసరికి, అంటే 5,000 పల్సుల తర్వాత, తేడా ఏడు పికోసెకన్లకు చేరుతుంది. మిల్లీసెకను గడిచేసరికి అది రెండు పల్సుల మధ్య ఉండాల్సిన 200 పికోసెకన్ల ఎడాన్నే దాటిపోతుంది. అప్పటికి వచ్చింది ఎన్నో పల్సో పల్సులను బట్టి చెప్పడమే కుదరదు. ఇంజనీర్లు ఈ జబ్బుకు పెట్టిన పేరు జిట్టర్.

ఎవరికి నష్టం?

కళ్లు ఆర్పేంత సేపట్లో వందల కోట్ల పల్సులు వచ్చిపోతుంటే, వాటిలో ఫెమ్టోసెకన్ల తేడాలు ఎవరిక్కావాలి? ముందుగా కావలసింది రాడార్లు, రేడియో రిసీవర్లు తయారుచేసేవారికి. గాలిలోంచి అందుకున్న తరంగాన్ని కంప్యూటర్‌కు అర్థమయ్యే అంకెలుగా మార్చాలంటే దాని ఎత్తును నిర్ణీత క్షణాల్లో కొలవాలి. వేగంగా ఎగసిపడే తరంగాన్ని ఒక్క క్షణం ముందో వెనకో కొలిస్తే ఎత్తు తప్పుగా వస్తుంది. తరంగం ఎంత వేగంగా కదిలితే తప్పు అంత పెద్దది.

దీన్ని అంకెల్లో చెప్పొచ్చు. సెకనుకు వెయ్యి కోట్ల సార్లు ఊగే, అంటే 10 గిగాహెర్ట్జ్ తరంగాన్ని ఒక పికోసెకను జిట్టర్ ఉన్న గడియారంతో కొలిస్తే దాని ఎత్తును 16 మెట్లలో కూడా స్పష్టంగా విడదీయలేం. జిట్టర్‌ను 15 ఫెమ్టోసెకన్లకు దించితే ఆ మెట్లు వెయ్యికి దగ్గరగా చేరతాయి. మసక ఫొటోకు, స్పష్టమైన ఫొటోకు ఉన్నంత తేడా అది. ఎలక్ట్రానిక్ సర్క్యూట్లతోనే ఈ స్థాయిని అందుకోవడం కష్టమైంది. అందుకే కాంతి పల్సులను గడియారంగా వాడే ప్రయత్నాలు మొదలయ్యాయి. అమెరికాలోని ఎంఐటీ శాస్త్రవేత్తల నాయకత్వంలోని బృందం 2012లో 41 గిగాహెర్ట్జ్ సంకేతాన్ని ఏడు బిట్ల కచ్చితత్వంతో కొలిచి చూపింది. అందులోని జిట్టర్ 15 ఫెమ్టోసెకన్లు.

దూరాలు కొలిచే లైడార్‌దీ ఇదే కథ. అది పల్స్‌ను పంపి, ఎదురుగా ఉన్న వస్తువుకు తగిలి తిరిగొచ్చేదాకా పట్టిన సమయాన్ని లెక్కిస్తుంది. ఆ లెక్కలో ఒక నానోసెకను తప్పితే దూరం 15 సెంటీమీటర్లు తప్పుతుంది. కారు ముందున్నది మనిషో కాదో తేల్చాల్సిన పరికరానికి 15 సెంటీమీటర్లు చిన్న విషయం కాదు.

ఇలాంటి పనులకు పల్సులను వేళకు వదిలే లేజర్లు ఇప్పటికే ఉన్నాయి. ఫైబర్‌తోనో, స్ఫటికాలతోనో తయారయ్యే ఆ లేజర్లు ఫెమ్టోసెకను స్థాయిలో క్రమశిక్షణ చూపిస్తాయి. కానీ చిప్‌తో పోలిస్తే అవి పెద్దవి, ఖరీదైనవి, సున్నితమైనవి. ప్రయోగశాల బల్ల మీద ఉన్నంత సుఖంగా కారు బంపర్‌లోనో, ఉపగ్రహంలోనో ఇమడవు. చవకైన చిప్‌కు అదే క్రమశిక్షణ నేర్పగలమా అన్నదే అసలు ప్రశ్న.

జ్ఞాపకశక్తి లేని లేజర్

సెమీకండక్టర్ లేజర్ పుట్టింది 1962లో. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన రాబర్ట్ హాల్ బృందం, ఆ వెంటనే మరికొన్ని బృందాలు దాన్ని వెలిగించాయి. ద్రవ నత్రజనిలో ముంచితే గానీ పనిచేసేది కాదు, అదీ ఉండుండి మెరుపులా వెలిగేది. మామూలు గది ఉష్ణోగ్రతలో ఆగకుండా వెలిగే లేజర్ 1970లో వచ్చింది. సోవియట్ యూనియన్‌లో జోరెస్ అల్ఫెరోవ్ బృందం, అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో హయాషి, పానిష్ దాన్ని సాధించారు. ఆ దారికి పునాది వేసినందుకు అల్ఫెరోవ్, హెర్బర్ట్ క్రోమర్ 2000లో భౌతికశాస్త్ర నోబెల్ పంచుకున్నారు.

ఆగకుండా వెలిగే కాంతిని పొట్టి పొట్టి పల్సులుగా మార్చే పద్ధతి పేరు మోడ్ లాకింగ్. లేజర్‌లో రెండు అద్దాల మధ్య కాంతి అటూ ఇటూ పరుగులు పెడుతుంటుంది. అందులో ఒకదానికొకటి అతి దగ్గరగా ఉన్న అనేక రంగులుంటాయి. మామూలుగా దేని దారి దానిదే. వాటన్నిటినీ ఒకే అడుగులో నడిపిస్తే అవి ఒకచోట పోగై ఒక్క పొట్టి పల్స్‌గా తయారవుతాయి. ఆ పల్స్ అద్దాన్ని తాకిన ప్రతిసారీ కాస్త కాంతి బయటికి వస్తుంది. ఎంఐటీలో హో, గ్లాసర్, ఇప్పెన్, హౌస్ 1978లో మొదటిసారిగా సెమీకండక్టర్ లేజర్‌ను ఇలా నడిపించారు. ఆ తర్వాత చిప్‌లోనే ఒక ముక్కను కాపలాదారుగా మార్చడం వచ్చింది. బలహీనమైన కాంతిని ఆ ముక్క మింగేస్తుంది, బలమైన పల్స్‌ను మాత్రం దాటనిస్తుంది. మిల్లీమీటరు పొడవున్న చిప్‌లో కాంతి ఒకసారి వెళ్లి తిరిగి రావడానికి పట్టేది దాదాపు 25 పికోసెకన్లే. కాబట్టి బయటి నుంచి ఎవరూ తాళం వేయకుండానే చిప్ సెకనుకు 4,000 కోట్ల పల్సులు వదులుతుంది.

తడబాటు ఎక్కడి నుంచి వస్తుంది? కాంతి పుట్టుకలోనే అది ఉంది. లేజర్‌లో పుట్టే ఫోటాన్లలో అత్యధికం అప్పటికే ఉన్న కాంతిని అనుసరించి, దానితో అడుగు కలిపి పుడతాయి. కొన్ని మాత్రం ఎవరి మాటా వినకుండా, తమకు తోచిన క్షణాన పుడతాయి. ఒక్కో ఆకతాయి ఫోటాన్ పల్స్‌ను ఇసుమంత ముందుకో వెనక్కో నెడుతుంది. ఇది తయారీలో లోపం కాదు, క్వాంటమ్ నియమం. ఎంత స్వచ్ఛమైన పదార్థంతో చేసినా దీన్ని పూర్తిగా వదిలించుకోలేం.

ఈ రొద అన్ని లేజర్లలోనూ ఉంటుంది. మరి సెమీకండక్టర్ లేజరే ఎందుకు ఎక్కువగా తడబడుతుంది? దాని జ్ఞాపకశక్తి తక్కువ కాబట్టి. చిప్ అంచులే దానికి అద్దాలు. ఏ పూతా లేని అంచు తనను తాకిన కాంతిలో దాదాపు 30 శాతాన్నే వెనక్కి పంపుతుంది. అంటే లోపలి కాంతి కొన్ని పికోసెకన్లలోనే బయటికి జారిపోతుంది, దాని స్థానంలో కొత్త కాంతి పుడుతుంది. కొత్త కాంతి ఎంత ఎక్కువగా పుడితే ఆకతాయి ఫోటాన్లకు అంత ఎక్కువ అవకాశం. పైగా చిప్‌లో కాంతి తీవ్రత మారినప్పుడల్లా దాని వక్రీభవన గుణకం కూడా మారి, ఆ కుదుపు పల్సు నడకకు చేరుతుంది. చిన్నగా, చవకగా ఉండటానికి ఈ లేజర్ చెల్లించే మూల్యం ఇది.

జబ్బు తెలిశాక మందు కూడా అక్కడే దొరికింది. గత నాలుగు దశాబ్దాలుగా శాస్త్రవేత్తలు ప్రయత్నించిన పద్ధతులు చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం సారాంశం ఒక్కటే. మతిమరుపు లేజర్‌కు జ్ఞాపకశక్తిని అరువివ్వడం.

ప్రతిధ్వని నేర్పిన పాఠం

అన్నిటికన్నా తేలికైనది బయటి నుంచి తాళం వేయడం. కచ్చితమైన మైక్రోవేవ్ సంకేతాన్ని చిప్‌లోని కాపలా ముక్కకు అందిస్తే పల్సులు దాని లయకు కట్టుబడతాయి. అయితే లేజర్ క్రమశిక్షణ ఆ తాళం వేసేదాని క్రమశిక్షణను మించదు. 40 గిగాహెర్ట్జ్ దగ్గర అంత శుద్ధమైన ఎలక్ట్రానిక్ సంకేతం కావాలంటే ఖర్చు భారీగా ఉంటుంది. అంత మంచి గడియారం చేతిలో ఉంటే ఇక లేజర్ గడియారంతో పనేమిటన్న ప్రశ్న కూడా వస్తుంది.

రెండోది, లేజర్ ఇంటిని పెద్దది చేయడం. అమెరికాలోని సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో పీటర్ డెల్‌ఫియెట్ బృందం ఈ దారిలో చాలా దూరం వెళ్లింది. సెమీకండక్టర్ ముక్క కాంతిని పెంచే పని మాత్రమే చేస్తుంది. కాంతి తిరిగే మార్గం పొడవాటి ఫైబర్‌లో ఉంటుంది. ఆ మార్గంలోనే నాణ్యమైన జంట అద్దాల జల్లెడ ఒకటి ఉంటుంది. కోరిన రంగులను తప్ప మిగతావాటిని అది దాటనివ్వదు. ఇలా 10 గిగాహెర్ట్జ్ పల్సుల జిట్టర్‌ను కొన్ని ఫెమ్టోసెకన్లకు దించగలిగారు. ఫలితం గొప్పదే. కానీ చిప్ కాస్తా మళ్లీ బల్ల మీది పరికరమైంది.

మూడో దారి వీటన్నిటికన్నా ఆసక్తికరం. లేజర్‌కు దాని గతాన్నే గుర్తు చేయడం. బయటికొచ్చిన పల్సులో చిన్న వాటాను ఫైబర్ చుట్ట గుండా తిప్పి మళ్లీ లేజర్‌లోకే పంపిస్తారు. వంద మీటర్ల ఫైబర్‌లో కాంతి ప్రయాణానికి అర మైక్రోసెకను పడుతుంది. అంటే ఇప్పుడు పుట్టబోయే పల్సుకు, వేల పల్సుల కిందట పుట్టిన పూర్వీకురాలు వచ్చి వేళ గుర్తు చేస్తుంది. ఈలోగా పోగైన తప్పటడుగులు ఈ పాత లయతో కలిసి సగటున తగ్గిపోతాయి.

ఇందులో ఒక విచిత్రముంది. ఫైబర్ సమాచార వ్యవస్థల్లో ఇంజనీర్లు సెమీకండక్టర్ లేజర్‌లోకి కాంతి తిరిగి రాకుండా ప్రత్యేకంగా ఐసొలేటర్లు అమర్చుతారు. కాస్త కాంతి వెనక్కి వచ్చినా లేజర్ అదుపు తప్పి పిచ్చిగా ప్రవర్తిస్తుందని వారికి అనుభవమే. ఆ విషమే ఇక్కడ మందు. తేడా అంతా మోతాదులోనూ, వేళలోనూ ఉంది. తిరిగొచ్చే పల్స్ కొత్త పల్సుతో సరిగ్గా కలిసేలా ఫైబర్ పొడవును సర్దితే తడబాటు తగ్గుతుంది. రెండు పల్సుల మధ్యలో వచ్చి పడితే అంతకుముందుకన్నా ఎక్కువవుతుంది.

అమెరికాలో న్యూ మెక్సికో విశ్వవిద్యాలయానికి చెందిన లూక్ లెస్టర్ బృందం 2010లో ఈ మందు శక్తిని చూపింది. మన ఉదాహరణలోలాగే 5 గిగాహెర్ట్జ్ లయతో నడిచే లేజర్ అది. పల్సుల లయ ఎంత శుద్ధంగా ఉందో చెప్పే కొలత ఒకటుంది, రేడియో పౌనఃపున్యంలో ఆ లయ గీత వెడల్పు. గీత ఎంత సన్నగా ఉంటే లయ అంత శుద్ధం. అది 8,000 హెర్ట్జ్ నుంచి 350 హెర్ట్జ్‌కు తగ్గింది. గీత 20 రెట్లకు పైగా సన్నబడినా తప్పటడుగు అన్ని రెట్లు తగ్గదు. గీత వెడల్పు తప్పటడుగు వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి, అడుగు తగ్గింది దాదాపు ఐదు రెట్లు. స్థూలంగా లెక్కిస్తే ఒక్కో పల్సుకు 100 ఫెమ్టోసెకన్లున్నది 20కి చేరింది.

ఆ లేజర్ క్వాంటమ్ డాట్లతో తయారైంది. కొన్ని నానోమీటర్ల పరిమాణంలో, దీవుల్లా విడివిడిగా ఉండే సెమీకండక్టర్ రేణువులివి. ఇలాంటి నిర్మాణాలతో లేజర్ చేయవచ్చని జపాన్ శాస్త్రవేత్తలు అరకావా, సకాకి 1982లోనే ప్రతిపాదించారు. వీటిలో ఆకతాయి ఫోటాన్ల పాలు తక్కువ. తీవ్రతలోని మార్పులు పల్సు నడకను కుదిపే గుణమూ తక్కువగా ఉండేలా వీటిని తయారు చేయవచ్చు. అంటే మందు వేయకముందే రోగి కాస్త దృఢంగా ఉంటాడు.

జ్ఞాపకశక్తి ఎంత పెంచితే అంత మంచిదని ఫైబర్‌ను పొడిగిస్తూ పోతే మరో సమస్య తలెత్తుతుంది. పొడవాటి చుట్టకు తనదైన లయలు అనేకం ఉంటాయి. లేజర్ వాటిలో దేన్నైనా పట్టుకోవచ్చు. అసలు స్వరం పక్కన అపస్వరాలు చేరతాయన్నమాట. స్కాట్లండ్‌లోని గ్లాస్గో విశ్వవిద్యాలయ బృందం 2012లో దీనికి రెండు చుట్టల ఉపాయాన్ని వాడింది. ఒక ఊళ్లో ఆరు రోజులకోసారి, పక్క ఊళ్లో ఏడు రోజులకోసారి సంత జరిగితే రెండు సంతలూ ఒకే రోజు పడేది 42 రోజులకోసారే. అలాగే వేర్వేరు పొడవులున్న రెండు చుట్టలూ ఒప్పుకొనే లయలు తక్కువ. వాటికి చెందని అపస్వరాలు అణగిపోతాయి. ఇలా వారు గీత వెడల్పును 192 హెర్ట్జ్‌కు తగ్గించారు. సెకనుకు వంద కోట్లకు పైగా పల్సులు వదిలే ఈ తరహా లేజర్లలో అది అప్పటికి రికార్డు.

వేళ కావాలి, పోలిక వద్దు

సమయపాలన ఒక్కటే అన్నిచోట్లా సరిపోదు. క్వాంటమ్ పద్ధతిలో రహస్య తాళాలు పంపే వ్యవస్థల్లో వింత కోరిక ఒకటుంది. పల్సులన్నీ కచ్చితంగా వేళకు రావాలి, కానీ ఒక పల్సులోని కాంతి తరంగపు దశకు, తర్వాతి పల్సు దశకు ఏ పోలికా ఉండకూడదు. పోలిక ఉంటే దొంగచాటుగా వినేవాడికి అది ఆధారమవుతుంది.

దీనికి గెయిన్ స్విచింగ్ అనే సులువైన పద్ధతి పనికొస్తుంది. లేజర్‌కు కరెంటును కొద్ది క్షణాలు ఇచ్చి ఆపేయడమే. లేజర్ ప్రతిసారీ చీకట్లోంచి మొదలవుతుంది. ప్రతి పల్సుకూ బీజం ఒక ఆకతాయి ఫోటానే కాబట్టి దశ ప్రతిసారీ కొత్తగా, యాదృచ్ఛికంగా ఉంటుంది. ఇలాంటి లేజర్లను యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించడానికి కూడా వాడుతున్నది అందుకే. చిక్కేమిటంటే, ఆ బీజం ఎప్పుడు పడుతుందో తెలియదు కాబట్టి పల్స్ బయల్దేరే వేళ కూడా యాదృచ్ఛికమవుతుంది. కోరుకున్న గుణం, వద్దనుకున్న గుణం ఒకే మూలం నుంచి పుట్టాయి.

బ్రిటన్‌లోని కేంబ్రిడ్జ్‌లో తోషిబా ప్రయోగశాల శాస్త్రవేత్తలు 2016లో ప్రచురించిన ప్రయోగంలో ఈ రెండింటినీ విడదీశారు. ఒక లేజర్ తన పల్సును రెండో లేజర్‌లోకి పంపుతుంది. రెండోది చీకట్లో బీజం కోసం ఎదురు చూడాల్సిన పని లేకుండా, అందిన కాంతితో వెంటనే మొదలవుతుంది. దాంతో జిట్టర్ తగ్గుతుంది. బీజంగా అందిన పల్సు దశ యాదృచ్ఛికమే కాబట్టి రహస్యానికీ భంగం లేదు. వేర్వేరు లేజర్ల నుంచి వచ్చిన పల్సులు ఒకచోట కలుసుకుని చెప్పే ఫలితం మీదే ఆ వ్యవస్థ భద్రత ఆధారపడుతుంది. పల్సులు వేళకు కలవకపోతే ఆ ఫలితమే రాదు.

మన వాటా

క్వాంటమ్ సమాచార రంగంలో భారత్ కూడా అడుగు పెట్టింది. అహ్మదాబాద్‌లో ఇస్రో శాస్త్రవేత్తలు 300 మీటర్ల దూరంలోని రెండు భవనాల మధ్య గాలిలో క్వాంటమ్ తాళాలు పంపినట్టు 2021 మార్చిలో ప్రకటించారు. పంపేచోటు, అందుకునేచోటు ఒకే వేళకు నడిచేలా చేయడానికి దేశీయ నావిక్ రిసీవర్‌ను వాడారు. ఈ రంగంలో సమయపాలన విలువేమిటో ఆ ఒక్క వివరం చెబుతుంది. 2022 ఫిబ్రవరిలో ఢిల్లీ ఐఐటీ, డీఆర్‌డీఓ శాస్త్రవేత్తలు ప్రయాగ్‌రాజ్, వింధ్యాచల్ మధ్య వంద కిలోమీటర్లకు పైగా ఉన్న ఫైబర్ మీద ఇదే పని చేశారు. 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం రూ. 6,003.65 కోట్ల నేషనల్ క్వాంటమ్ మిషన్‌కు ఆమోదం తెలిపింది. దేశంలో 2,000 కిలోమీటర్ల మేర సురక్షిత క్వాంటమ్ సమాచార సంబంధాలు దాని లక్ష్యాల్లో ఒకటి.

ఈ లక్ష్యాలకు కావలసిన లేజర్ చిప్‌లు మామూలు సిలికాన్‌తో తయారు కావు. సిలికాన్ కాంతిని వెలువరించడంలో చాలా మందకొడి. గాలియం ఆర్సెనైడ్, ఇండియం ఫాస్ఫైడ్ వంటి సమ్మేళనాలు కావాలి. 2021 డిసెంబర్‌లో కేంద్రం ప్రకటించిన రూ. 76,000 కోట్ల సెమీకండక్టర్ పథకంలో ఇలాంటి సమ్మేళనాలతో, సిలికాన్ ఫొటోనిక్స్‌తో పనిచేసే కర్మాగారాలకు కూడా చోటుంది. ప్రజల దృష్టి ఎక్కువగా కంప్యూటర్, ఫోన్ చిప్‌ల మీదే ఉన్నా, ఈ వాటా తక్కువేమీ కాదు. క్వాంటమ్ తాళాలు దేశంలో తయారై, వాటిని పంపే లేజర్ బయటి నుంచి రావాల్సి వస్తే రహస్యానికి ఆ మేరకు పరాయి ఆధారం మిగిలినట్టే.

ఇక ప్రపంచవ్యాప్తంగా పోటీ అంతా అరువు జ్ఞాపకశక్తిని కూడా చిప్ మీదికే చేర్చడానికి. అమెరికాలోని కాల్టెక్ బృందం 2023లో సెమీకండక్టర్ ముక్కను లిథియం నియోబేట్ చిప్‌తో జతచేసి, 4.8 పికోసెకన్ల పల్సులను సెకనుకు దాదాపు వెయ్యి కోట్ల చొప్పున వదిలే లేజర్‌ను చూపింది. 2024లో వేర్వేరు బృందాలు కాంతి లయను భాగించి శుద్ధమైన మైక్రోవేవ్‌గా మార్చే వ్యవస్థలను చిప్ స్థాయికి తెచ్చాయి. అక్కడ పల్సులు తిరిగేది సిలికాన్ నైట్రైడ్ చిప్‌లో. కాంతి అందులో ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి దాని జ్ఞాపకశక్తి సెమీకండక్టర్ చిప్‌కన్నా ఎంతో ఎక్కువ. దానికి కాంతిని అందించేది మాత్రం మళ్లీ సెమీకండక్టర్ లేజరే.

ఇంతటి కచ్చితత్వం ప్రయోగశాల దాటి కారులోకి, టెలిఫోన్ టవర్‌లోకి, ఉపగ్రహంలోకి రావాలంటే వేడికి, కుదుపులకు తట్టుకోవాలి. వంద మీటర్ల ఫైబర్ ఒక్క డిగ్రీ వేడెక్కినా పొడవు మారి ప్రతిధ్వని వేళ తప్పుతుంది. ఆకతాయి ఫోటాన్లను ఎవరూ ఆపలేరు. వాటి అల్లరిని తట్టుకునే జ్ఞాపకాన్ని ఎంత చిన్న చోట, ఎంత చవకగా దాచగలరన్న దాని మీదే ఈ పందెం ఫలితం ఆధారపడి ఉంది.